నాన్న కీబోర్డుకి కొత్త కంట్రోల్

"చూశావా, అసలు సౌండే రావట్లేదు," అంటున్నాడు నాన్న. తన కీబోర్డుని నా బల్ల మీద పెట్టి, వైరు తగిలించి, రెండు చేతులా పట్టినన్ని మెట్లు నొక్కిపట్టి మరీ అంటున్నాడు. ఆ సౌండు రాని కీబోర్డుకి నా షాపు షట్టరు గడగడలాడుతోంది, గోడకి వేలాడే స్క్రూడ్రైవర్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, పక్క షాపు కుట్టుమిషనావిడ మెళ్ళో టేపుతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి రెండు చెవులూ మూసుకుంది. మోత సంగతి అలా ఉంచితే, ప్రతి స్వరం వెనకాలా గరగర, బొంగురుపోయిన గొంతుతో ఎవరో లోపల్నించి తిడుతున్నట్టు. వాల్యూమ్ నాబ్‌ని ఏ కాస్త కదిపినా చిటపటలు, మధ్యలో ఒక్క క్షణం ఏమీ లేకుండా పోవడం, మళ్ళీ ఒక్కసారిగా మీద పడటం. ఆయన మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. ఆ గరగర ఆయనకి తెలియదు, సౌండు తగ్గిందని మాత్రమే తెలుసు. వాల్యూమ్ కంట్రోల్ అరిగిపోయింది, మార్చెయ్, సాయంత్రం రిహార్సలుంది అంటూ, నేను కూర్చోమనకుండానే కస్టమర్ల స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను ప్లగ్గు పీకేశాను. పీకిన తర్వాత కూడా కాసేపు ఆయన చెయ్యి ఒకటి మెట్ల మీదే ఉండిపోయింది, మోగుతోందో ఆగిందో తేల్చుకోలేనట్టు. అప్పుడు నాకు లోపలెక్కడో సన్నగా, చల్లగా సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, సంతోషమే.

పొద్దున అమ్మ ఫోన్లో చెప్పింది నిజమే అన్నమాట. మీ నాన్న బయల్దేరారు, పెట్టె మోసుకుంటూ బస్సెక్కి ఉంటారు, నీ దగ్గరికే, అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది, తగ్గించి తనలో తనే నవ్వుకుంది, ఎదురుగా ఉంటేనే తగ్గించడం మానేశాను, లేనప్పుడెందుకు తగ్గిస్తున్నానే అని. డాన్స్ స్కూలు మేడమ్ అమ్మకి ఫోన్ చేసిందట. మాస్టారి కీబోర్డు మోతకి పిల్లలు హడలిపోతున్నారు, పైగా అదేదో గరగర, బాగు చేయించండి, లేదంటే ఇక మీదట మేం రికార్డు పెట్టేసుకుంటాం, మాస్టారికి శ్రమ ఉండదు, అందట. అమ్మ ఆ మాట సగమే ఆయనకి అందించింది, చేతులు తిప్పి, గట్టిగా అరిచి: కీబోర్డు బాగోలేదట, చూపించండి, లేదంటే రికార్డు పెట్టుకుంటుందట. మిగతా సగం నాకు చెప్పింది. ఆయనకి వినబడటం తగ్గి చాలా కాలమైందని, టీవీ ఇల్లు ఎగిరిపోయేలా పెడతాడని, తను మాట్లాడితే గొణుగుతావేం, నోట్లో ఏముంది అని కసురుతాడని, తప్పు ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోటిదే గానీ తన చెవిది కాదని. డాక్టరుకి చూపించాలి కదమ్మా అన్నాను, అనాలి కాబట్టి. "చూపిస్తే చెవిలో మిషను పెడతారు. మళ్ళీ అన్నీ వింటారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నోరు తెరిచానే తల్లీ, కొన్నాళ్ళు నన్ను మాట్లాడుకోనీ. నువ్వు మాత్రం చెప్పకు," అంది అమ్మ, బతిమాలుతున్నట్టు కాదు, ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టాలో చెబుతున్నట్టు.

నేను చూశాను కూడా, పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు. ఆయన కంచం ముందు కూర్చుని అన్నంలో వేలు పెట్టి, పలుకుగా ఉంది, ఇన్నేళ్ళొచ్చినా అన్నం వండటం రాలేదు అన్నాడు. అమ్మ పక్కనే నిలబడి, గరిటె పట్టుకుని, ఇంకాస్త కూర వెయ్యమంటారా అని అడిగే మొహంతోనే, అడిగే గొంతుతోనే, "వంక పెట్టడానికే పుట్టిన జన్మ కదా మీది, తినండి, తిని లేచి ఊరి మీద పడండి," అంది. నాకు ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఆయన కొంచెం వెయ్యి అన్నాడు. అమ్మ వేసింది. వేస్తూ నా వైపు చూసింది. ఆ కళ్ళలో అల్లరి నేను నా చిన్నతనంలో ఎక్కడా చూడలేదు. ఇంత మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అనిపించింది, వంటగదిలో ఏ డబ్బా వెనకాలో.

నాబ్ ఊడి రావడంలేదు. ఏళ్ళ తరబడి పట్టిన జిడ్డు, ఆయన బొటనవేలి జిడ్డు, గమ్ములా అతుక్కుపోయింది. పాత గుడ్డపీలిక దాని కింద చుట్టి రెండు కొసలూ పట్టి లాగితే పుటుక్కున ఊడింది. "అలా మొరటుగా లాగుతారా," అన్నాడు నాన్న. నాకు ఎవరైనా ఎలా లాగాలో చెబితే నచ్చదు, ఈయన చెబితే అసలు నచ్చదు. కీబోర్డుని బోర్లించాను. స్క్రూలు విప్పుతుంటే ఆయన స్టూలు మీద నుంచే వాద్యబృందాన్ని నడిపిస్తున్నవాడిలా వేలు ఆడిస్తూ, అది ముందు, ఇది తర్వాత, ఆ మూల వదిలేశావు, అంటున్నాడు. వెనకటికి ఆయన్ని ఈ ఊరి వాయిద్యగాళ్ళంతా గడియారం మాస్టారు అనేవారు, లయ ఆవగింజంత జారనివ్వడని. గొప్పగా అనేవారు. గడియారంతో కాపురం ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు. మా ఇంట్లో వెనక గది, కిటికీకి దుప్పటి కట్టి ఉండేది, బయట పిల్లలు ఆడుకోవడం నాకు కనబడకుండా. కీబోర్డు ముందు నేను, నా పక్కన ఆయన నిలబడేవాడు, చేతిలో మడిచిన కేబులు. లయ తప్పితే మణికట్టు మీద పడేది. ఏడిస్తే ఏడుపు కూడా లయలో ఏడవమనేవాడు, ఇది ఆయన హాస్యం. వచ్చినవాళ్ళ దగ్గర చెప్పి నవ్వేవాడు, వాళ్ళూ నవ్వేవాళ్ళు, అమ్మ లోపల గిన్నెలు కడిగేది, అప్పుడే కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

ఒకసారి ఆ వాయిద్యం నిజంగానే పాడైంది, ఏదో వైరు ఊడి. రిపేరుకి వెళ్ళింది. వెళ్ళిన రోజులన్నీ నేను వాకిలి మెట్ల మీద కూర్చుని ఆకాశం చూశాను, దుప్పటి లేని ఆకాశం. తిరిగొచ్చాక నాకు తెలివొచ్చింది. ఆయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో కింద స్క్రూలు విప్పి ఒక తీగ కదిపి పెట్టేదాన్ని. ఎంత కదపాలో, ఎక్కడ కదిపితే ఎక్కువ రోజులు పడుతుందో, ఎక్కడ కదిపితే ఆయనకి అనుమానం రాదో నేర్చుకున్నాను. నా చదువు అదే. జనం ఇంత చక్కటి పని ఏ గురువు దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడుగుతారు, సంగీతమంటే ప్రేమ అయి ఉంటుంది అని వాళ్ళే జవాబు కూడా చెప్పుకుంటారు. ప్రేమా, పాడా. నేను ఇల్లొదిలిన రోజు నుంచి రెండు మెట్లు కలిపి నొక్కలేదు. బాగుచేసినవి సరిచూడ్డానికి ఒకే మెట్టు, దాని సందులో రబ్బరు ముక్క దోపి నొక్కిపెట్టి, ఆ ఒక్క స్వరం మోగుతుంటే మీటరు చూసుకుంటాను. ఎవరైనా, మీరు వాయించరా అంటే, నాకు రాదు అంటాను. అంత సుఖమైన మాట ఇంకోటి లేదు.

అడుగు భాగం ఊడింది. రిబ్బన్ కేబులు మెల్లగా లాగి పక్కకి పెట్టాను. లోపల దుమ్ము, ఒక చచ్చిన చీమల బారు, ఎవరో ఎప్పుడో కొట్టిన స్ప్రే మరకలు. స్ప్రే కొడితే నాలుగు రోజులు గరగర ఆగుతుంది, అంతే, అరిగిన పూత మళ్ళీ పుడుతుందా. నాన్న ఏదో అంటున్నాడు, మేడమ్ గురించి, ఆవిడకి సంగీతం గురించి ఏమీ తెలియదని, రికార్డు పెట్టుకుంటుందట రికార్డు, పిల్ల అడుగు తడబడితే రికార్డు ఆగుతుందా, అడుగుతున్నాడు. మాట నిజమే. ఆయన మాటలు ఎప్పుడూ నిజమే, అదే వచ్చిన బాధ. నేను తలెత్తకుండా, స్క్రూలు డబ్బాలో వేస్తూ, మామూలు గొంతుతో, రాత్రికి వానొస్తుందేమో అన్నంత మామూలుగా, "మీకు చెవుడొచ్చింది నాన్నా," అన్నాను. ఆయన, "ఆ, కలిపెయ్యకు, పొడుగువి వేరు, పొట్టివి వేరు," అన్నాడు.

నవ్వొచ్చింది. దగ్గులా మార్చుకున్నాను, ఎందుకు మార్చుకున్నానో, అలవాటు. అమ్మ రుచి మరిగింది దీనికా. బాగుంది. ఇంకోటి అన్నాను. "మీ మూలంగా నేను ఏ పాటా పూర్తిగా వినలేను." ఆయన స్క్రూల డబ్బా వైపు చూస్తున్నాడు. "మీరు మంచివాళ్ళు కాదు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "మిమ్మల్ని చూస్తే ఇప్పటికీ మణికట్లు దాచుకోవాలనిపిస్తుంది." ఇంకేం అనాలి. నా చిన్నప్పటి స్కూలు వార్షికోత్సవం సంగతి అనాలి. రెండో కీబోర్డు మీద నేను, మొదటి దాని మీద ఆయన, హాలు నిండా జనం, నా క్లాసు పిల్లలు కూడా. ఒక్కచోట వేలు జారింది, ఎవరికీ తెలియలేదు, డాన్సు చేసే పిల్లలకీ తెలియలేదు. ఆయన వాయించడం ఆపేశాడు. పిల్లలు చేతులు గాల్లో పెట్టి అలాగే నిలబడిపోయారు. ఆయన మైకు దగ్గరికి జరుపుకుని, "తప్పు చేసింది మా అమ్మాయి. క్షమించాలి. మళ్ళీ మొదట్నించి," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, నిజాయితీపరుడని. మొదట్నించి మొదలెట్టాడు, నేను వాయించాను, ఒక్క తప్పు లేకుండా చివరిదాకా వాయించాను, ఇంటికెళ్ళి మంచం కింద దూరి పడుకున్నాను. ఇదంతా ఇప్పుడు మామూలు గొంతుతో చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. గోడకి చెప్పినట్టుంది. ఇన్నేళ్ళుగా బస్సుల్లో, స్నానాల గదిలో, నిద్ర పట్టనప్పుడు దిండుతో, ఎంత దీర్ఘంగా తిట్టుకున్నాను ఈయన్ని, తీరా ఎదురుగా అడ్డూ ఆపూ లేకుండా అనగలిగినప్పుడు నాలుగు మాటలకే సరుకు అయిపోయింది. ఇంతేనా నా కోపం? ఇంతేనా అనుకుంటే ఆయన మీద కోపం ఇంకా పెరిగింది. తిట్టు తగలకపోతే తిట్టినట్టు కాదు. అమ్మకి తగలక్కర్లేదు, నోరు మెదపడమే అమ్మకి చాలు. నాకైతే ఆయనకి తగలాలి.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. ఎడమ స్పీకరుకి మూడు కాళ్ళు, కుడి స్పీకరుకి మూడు, ఈ కంట్రోలుకి మొత్తం ఆరు. ఒక్కో కాలి దగ్గర పాత సోల్డరు కరిగించి, రాగి జడ అద్ది పీల్చెయ్యాలి. తొందరపడితే బోర్డు మీది సన్నటి రాగిదారి లేచిపోతుంది, ఒకసారి లేచిందంటే అతుకులబొంతే. పొగ కళ్ళలోకి వచ్చింది. ఫ్యాను ఆయన వైపు తిప్పుకున్నాడు, నన్ను అడగలేదు. కంట్రోలు కదిలింది, మెల్లగా ఊపితే ఆరు కాళ్ళతో సహా పైకొచ్చింది. మామూలుగా పాతదాన్ని చూడకుండా చెత్తబుట్టలో వేస్తాను. ఎందుకో దాని వీపున ఉన్న రేకు మడతలు విప్పాను. లోపల గుర్రపు నాడాలా వంగిన నల్లటి పూత, దాని మీద జారే చిన్న ఇత్తడి వేలు. పూత మొదట్లో ఎక్కడా గీత లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి నిగనిగ అలాగే ఉంది, సగం దాకా అలాగే. అరిగింది చివర్న. పూర్తిగా పెంచేసే చోట నలుపు పోయి కింద గోధుమరంగు అట్ట బయటపడింది. అక్కడే తిప్పి తిప్పి, ఇంకా రావాలి, ఇంకా రావాలి అని గోడకి తల కొట్టుకున్నట్టు కొట్టుకున్నాడు. ఇది నిన్నటిదీ మొన్నటిదీ కాదు. ఏళ్ళు. అమ్మకి తెలియకముందు నుంచే. ఆ పిల్లల చెవులు ఏమైపోయి ఉంటాయో. జాలి పడాల్సిన చోటిదే, నాకు తెలుసు. చూశాను, వస్తుందేమోనని కాసేపు ఆగాను కూడా. రాలేదు. వీళ్ళ చెవులు నేను చెడగొట్టాను అని ఎప్పుడైనా మైకులో చెప్పుకుంటాడా, క్షమించాలి అంటాడా, అని మాత్రం అనిపించింది.

కొత్తది తీశాను. కడ్డీ పొడుగుంది, బిగించి పట్టి రంపంతో కోశాను, కొస నునుపు చేశాను. కాళ్ళు రంధ్రాల్లో దింపాను. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన, చక్కగా, స్పష్టంగా, ఎవరో వరస కూర్చి ఇచ్చినట్టు. ఒక్క కాలు. ఒక్క కాలికి సోల్డరు సరిగ్గా తడవకుండా వదిలేస్తే చాలు. ఇక్కడ బాగానే మోగుతుంది. పెట్టెలో, బస్సులో, కుదుపుల్లో పట్టు వదులుతుంది. సాయంత్రం మేడమ్ ముందు, పిల్లల ముందు, ఒక పాట మధ్యలో గుటుక్కుమంటుంది. ఆయనకి అది కూడా వెంటనే తెలియదు. వాయిస్తూనే ఉంటాడు. పిల్లలు ఆగిపోతారు, మేడమ్ ఆగమని చెయ్యి ఊపుతుంది, గడియారం మాస్టారు తల వంచుకుని లయ తప్పకుండా శూన్యం వాయిస్తుంటాడు. చిన్నప్పుడు తీగలు కదిపిన దాన్ని, నాకిది ఎంత పని. మొదటి కాలికి ఐరన్ ఆనించాను. సోల్డరు కరిగి కాలి చుట్టూ మెరుస్తూ పాకింది, అగ్నిపర్వతం బొమ్మలా చక్కగా కూర్చుంది. రెండోది. మూడోది. ఆరోదానికి వచ్చేసరికి చెయ్యి అదే చేసుకుపోయింది. తప్పు అతుకు వెయ్యమంటే వెయ్యదు ఈ చెయ్యి, వెయ్యబోతేనే మణికట్టు బిగుసుకుపోతుంది. దాన్ని అలా చేసినవాడు ఎదురుగా కూర్చున్నాడు, నా ఫ్యాను గాలి పోసుకుంటూ. చెడ్డపని చేసే హక్కు కూడా లేకుండా చేశాడు నాకు. ఆ ఆరు అతుకుల్ని భూతద్దం దీపం కింద చూసి ఏడుపొచ్చినంత పనైంది, అంత బాగున్నాయి.

మూసి, బిగించి, నాబ్ తొడిగి, ప్లగ్గు పెట్టాను. రబ్బరు ముక్క దోపి ఒక్క మెట్టు నొక్కిపెట్టి, అడుగు నుంచి పైదాకా తిప్పాను. నీళ్ళలోంచి మనిషి లేచినట్టు లేచింది స్వరం, ఎక్కడా గీరుకోలేదు, ఎక్కడా తెగలేదు. పక్క షాపావిడ మిషను తొక్కుతూనే, బాగుపడిందండోయ్ అంది. నాబ్‌ని సగంలో ఆపి, వాయించుకోండి అని చేత్తో సైగ చేశాను. నాన్న ముందుకు జరిగాడు. వాయించాడు. మంచి సౌండు, గదికి సరిపోయినంత. ఆయన తల వంచి విన్నాడు, నుదురు ముడిపడింది, నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పేశాడు. షట్టరు మళ్ళీ మొదలెట్టింది. ఆపి నా వైపు చూశాడు, ఆ చూపు నాకు బాగా తెలుసు, దుప్పటి కట్టిన కిటికీ గదిలోంచి తిన్నగా వచ్చిన చూపు. "ఏం వేశావు ఇందులో? ఏదో చవకరకం తగిలించావు. పాతదే నయం, కాస్తయినా వచ్చేది. తీసి పాతది పెట్టెయ్. పనికిమాలిన చేతులు, ఏ పనికీ రావు అప్పుడూ ఇప్పుడూ." నేను ఐరన్ స్టాండులో పెట్టాను. అది జాగ్రత్తగానే పెట్టాను, గుర్తుంది. ఆ తర్వాత నా గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. "సౌండు ఉంది నాన్నా. లేనిది మీకు. చెవులు పోయాయి మీకు."

పక్క షాపు మిషను ఆగిపోయింది. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ కిందికి వంగి చూసింది. వీధి మొత్తానికి చెప్పాను, మైకు అక్కర్లేకుండా. ఈసారి తగిలింది. తగలడం చూశాను, మొహంలో కాదు, చేతుల్లో. మెట్ల మీదున్న చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి. నేను ఎదురుచూసిన సుఖం రావాలి ఇప్పుడు. కొంచెం వచ్చింది. వచ్చినంత వేగంగా అమ్మ గుర్తొచ్చి చప్పబడింది. నన్ను కొన్నాళ్ళు మాట్లాడుకోనీ అంది, ఒక్కపూట ఆగలేకపోయాను. ఆయన, "అరవకు," అన్నాడు. కాసేపటికి, "ఎవరు చెప్పారు?" అన్నాడు. నా మాట నమ్మడు, ఎప్పుడు నమ్మాడు గనక. విప్పిన పాత కంట్రోల్ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయనకి వస్తువులు తెలుసు, వస్తువులు అబద్ధం చెప్పవని కూడా తెలుసు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, ఇత్తడి వేలిని గోటితో అటూ ఇటూ జరుపుతూ చూశాడు. నల్లగా ఉన్న చోటు చూశాడు. చివర చూశాడు. చాలాసేపు చివరే చూశాడు. ఓదార్పు మాట ఒకటి నాలుక దాకా రావాలి కదా మనిషన్నాక, రాలేదు, వస్తే మింగేసేదాన్నేమో కూడా.

"వెళ్ళి వీధి అవతల నిలబడు," అన్నాడు, దాన్ని బల్ల మీద పెట్టి. అర్థం కాలేదు. హాల్లో వెనక వరస అంత దూరం, అన్నాడు, చేత్తో చూపిస్తూ. వెళ్ళి నిలబడ్డాను, ఎందుకు వెళ్ళానో, అడిగిన గొంతు అలాంటిది. ఆయన వాయించడం మొదలెట్టాడు, వేళ్ళ మీద కాదు చూపు, నా మొహం మీద. తగ్గించమని చెయ్యి కిందికి ఊపాను. తగ్గించాడు. ఇంకా, అన్నాను. తగ్గించాడు. ఇంకా. ఒకచోట ఆయన కళ్ళు కొద్దిగా చెదిరాయి, అక్కడితో ఆయనకి ఆఖరి స్వరం కూడా పోయిందని నాకు తెలిసిపోయింది. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఇంకా కొంచెం, అని సైగ చేశాను, నిజంగా ఇంకా కొంచెం తగ్గాలి, కక్ష కాదు. తగ్గించాడు. ఇప్పుడు సరిపోయింది, ఒక పిల్ల కాలి కింద నేల చప్పుడు కూడా వినబడేంత సరిగ్గా. చాలు అని అరచెయ్యి చూపించాను. ఆయన పాట మధ్యలో ఆపలేదు, చివరిదాకా వాయించాడు, తనకి రవ్వంత వినబడని ఆ పాటలో లయ ఆవగింజంత జారలేదు. అసహ్యం వేసేంత బాగా వాయించాడు. కుట్టుమిషనావిడ గుమ్మంలోకి వచ్చి గోడకి ఆనుకుని విన్నది. అయిపోయాక ఆవిడ చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి మానేసింది.

తిరిగొస్తే, "ఇక్కడ గీత గియ్యి," అన్నాడు నాబ్ మీద చుక్క ఆగిన చోటు చూపించి. ఉక్కు సూది తీశాను. ఎక్కడ గీసినా ఆయనకి తెలియదు. కాస్త ఇటు గీస్తే సాయంత్రం హాల్లో ఎవరికీ వినబడదు, అటు గీస్తే పిల్లలు మళ్ళీ చెవులు మూసుకుంటారు. ఇకనుంచి ఆయన సౌండు ఎంతుండాలో నేను గీసినంతే. చుక్కకి ఎదురుగా, ఉన్నచోటే గీశాను. క్షమించి కాదు. ఆ పిల్లలు ఏం పాపం చేశారు, అంతే. ఆయన వంగి గోటితో తడిమి చూసుకున్నాడు, గోటికి తెలుస్తోందా లేదా అని. తెలిసింది. "వంకరగా గీశావు," అన్నాడు.

పెట్టెలో సర్దుకున్నాడు, తాళాలు వేసుకున్నాడు, భుజానికి ఎత్తుకోవడానికి నేను సాయం పట్టలేదు, ఆయన అడగలేదు. గుమ్మం దిగబోతూ ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు, "మీ అమ్మ పెదాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. నేను అన్నం తింటుంటే, బట్టలు మార్చుకుంటుంటే. ఏమంటూ ఉంటుంది?" అప్పుడు తిరిగి నా నోటి వైపు చూశాడు. చెవులు కాదు, నోరు చూస్తున్నాడు, ఎన్నాళ్ళనుంచి అందరి నోళ్ళూ ఇలా చూస్తున్నాడో. ఇంత గట్టి మనిషికి ఇంత భయం వేసే మాట అదొక్కటేనని ఆ క్షణంలో చూశాను, అమ్మ ఏమంటూ ఉంటుంది. చెప్పగలను. అమ్మ మాటలు ఒక్కొక్కటీ, అన్నం మీదా కూర మీదా అన్నవి, ఇంకా నేను వినని ఎన్నో, ఊహించి మరీ చెప్పగలను. "ఇంటికెళ్ళి అడగండి," అన్నాను, ఆయనకి అర్థమయ్యేలా పెదాలు బాగా కదిపి. తలూపాడు. బస్టాపు వైపు నడిచాడు, పెట్టె బరువుకి ఒక పక్కకి ఒరిగి, వెనక హారన్ కొడుతున్న బండికి దారివ్వకుండా, వీధి మధ్యలో, సరిగ్గా లయలో.

ఫోను తీసి అమ్మకి చేశాను. ఎలా మొదలెట్టాలో తెలియక, "కంట్రోల్ మార్చేశానమ్మా," అన్నాను. అమ్మ ఊఁ అంది, వెనకాల ఏదో తరుగుతున్న చప్పుడు. చెప్పేశాను, ఒకేసారి, ఎలా అరిచానో, వీధి ఎలా విందో, పాత ముక్క చూసి ఆయన ఎలా ఊరుకున్నాడో, పెదాల గురించి ఏమడిగాడో. తరిగే చప్పుడు ఆగింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, ఇన్నాళ్ళకి దొరికిన కాస్తా పోగొట్టావు కదే అంటుందనుకున్నాను. అమ్మా, అన్నాను, మిషను పెట్టించుకుంటాడు కాబోలు, ఇక అన్నీ వింటాడు.

"వింటే విననీ," అంది అమ్మ. "నాకు అలవాటైపోయింది." మళ్ళీ తరగడం మొదలెట్టింది.